నాన్నగారి ఇత్తడి దీపానికి పరీక్ష చేయించాను

విశాఖపట్నం పెద్ద వాల్తేరులో మా ఇంటి నుంచి సముద్రం నడిచి వెళ్లేంత దూరం. కిటికీ చువ్వలు, తలుపు గడియలు, దేవుడి గదిలో కుందులు, ఏవీ ఉప్పు గాలిని తప్పించుకోలేవు. ఇత్తడి వస్తువును రెండు నెలలు తోమకుండా వదిలేస్తే మూలల్లో చిలుము పట్టేస్తుంది. నాన్నగారి కరెంటు బల్ల దీపాన్ని కూడా కుందులతో పాటే చింతపండు పెట్టి తోముతూ వచ్చాను. పైన తళతళలాడుతూనే ఉండేది. లోపల ఎలా ఉందో ఏనాడూ చూడలేదు. అది చూసి సరిచేసిన మరమ్మతు దుకాణం గురించే ఇది రాస్తున్నాను.

ఆయన షిప్‌యార్డులో ఉద్యోగానికి చేరిన కొత్తలో, 1964లో కొన్న దీపం అది. గుండ్రటి బరువైన పీఠం, జానెడున్నర కాడ, పైన ఇత్తడి హోల్డరు. నూలు తొడుగు ఉన్న రెండు తీగల వైరు, రెండు పిన్నుల ప్లగ్గు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరిని కొట్టిన రోజున ఆ గది కిటికీ అద్దాలు పగిలి వాన లోపలికి కొట్టింది. దీపం బల్ల మీద నుంచి పడి నీళ్లలో నానింది. కరెంటు తిరిగి రావడానికి రోజులు పట్టింది కాబట్టి అప్పటికి దీపం పైకి ఆరినట్టే కనిపించింది. బల్బు పెట్టి చూస్తే వెలిగింది. ఆ తర్వాత దాని సంగతే మరచిపోయాం.

ఈ ఆగస్టులో, వాన పడుతున్న ఒక సాయంత్రం, మనవరాలు హోంవర్కు చేసుకుంటూ దీపం కాడ పట్టుకుని దగ్గరకు జరుపుకోబోయింది. వెంటనే చెయ్యి తీసేసి, "అమ్మమ్మా, దీపం పట్టుకుంటే చీమలు పాకినట్టుంది" అంది. అప్పుడే తుడిచిన నేల, చెప్పులు లేని కాళ్లు. నేను ముందు గోడ దగ్గర స్విచ్చి ఆపి ప్లగ్గు పీకేశాను. తర్వాత పిల్ల చెయ్యి తిప్పి తిప్పి చూశాను.

ముప్పై ఒక్క సంవత్సరాలు నర్సుగా పనిచేశాను. అందులో నాలుగేళ్లు కాలిన గాయాల వార్డులో. నిప్పుతో కాలిన గాయం ఎంత ఉందో కంటికి కనిపిస్తుంది. కరెంటు గాయం అలా కాదు. వేలి మీద బఠాణీ గింజంత నల్లటి మచ్చ ఉంటుంది, లోపల మోచేతి దాకా కండ ఉడికిపోయి ఉంటుంది. పైకి ఏ దెబ్బా లేని మనిషికి గుండె లయ తప్పిందేమోనని గంటల తరబడి ఈసీజీ తెర ముందు కూర్చున్న రాత్రులు నాకున్నాయి. అందుకే "కొంచెం జిల్లుమంది, అంతే కదా" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ కొంచెం అనేది ఆనాటి నేల తడిని బట్టి, చేతి చెమటను బట్టి మారిపోతుంది.

మర్నాడు ఇంటికి దగ్గరలో ఉన్న ఒక కరెంటు సామాన్ల దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడి కుర్రవాడు వైరు చిట్లిన చోట నల్ల టేపు చుట్టి, బల్బు పెట్టి, "వెలుగుతోంది కదమ్మా" అన్నాడు. యాభై రూపాయలు తీసుకున్నాడు. నేను అడిగినది వెలుగు గురించి కాదు, చేతికి తగిలిన కరెంటు గురించి. టెస్టరు స్క్రూడ్రైవరు ఇత్తడికి ఆనించి, అందులో నియాన్ మసకగా ఎర్రబడితే "అది మామూలే" అని కూడా చెప్పాడు. ఆ మాటతోనే అక్కడి నుంచి వచ్చేశాను.

మా పక్కింటి వారు చెప్పగా పూర్ణా మార్కెట్ వెనక సందులో ఉన్న ఈ మరమ్మతు దుకాణం తెలిసింది. బోర్డు మీద పేరు ఎప్పుడో చెదిరిపోయింది. పక్కనే బెల్లం కొట్టు, ఎదురుగా తాళ్లు అమ్మే దుకాణం. మేడ మెట్ల కింద ఆరడుగుల గది. నడిపే ఆయనకు అరవై దాటి ఉంటాయి. అందరూ మేస్త్రి గారు అంటారు, నేనూ అదే అన్నాను. గోడ నిండా పాత ఫ్యాన్ల కాయిళ్లు, మిక్సీల మోటార్లు. బల్ల మీద మాత్రం చెక్క పెట్టెలో చేతితో తిప్పే మెగ్గర్ (కరెంటు లీకును పట్టుకునే మీటరు) ఒకటి, దాని పక్కన ఒక మల్టీమీటరు. ఈ ఊళ్లో దీపం మరమ్మతు చేసే దుకాణాలు చాలా ఉన్నాయి. దీపాన్ని కొలిచి చూసే దుకాణం నాకు ఇది ఒక్కటే కనిపించింది.

ఆయన దీపాన్ని వెంటనే విప్పలేదు, కరెంటు కూడా పెట్టలేదు. ముందు అద్దాలు పెట్టుకుని ప్లగ్గు నుంచి మొదలుపెట్టి హోల్డరు దాకా వైరును రెండు వేళ్ల మధ్య నెమ్మదిగా జరుపుతూ చూశారు. ఎక్కడ గట్టిగా తగిలిందో, ఎక్కడ మెత్తబడిందో అక్కడ సుద్దముక్కతో గీత పెట్టారు. పీఠంలోకి వైరు దూరే రంధ్రం దగ్గర ఆగి, "ఇక్కడ రబ్బరు బుష్ లేదమ్మా. ఇత్తడి అంచు కత్తిలా ఉంది. అరవై ఏళ్లుగా ఈ అంచు మీదే వైరు అటూ ఇటూ రాసుకుంది" అన్నారు. వేలు పెట్టి చూశాను, నిజంగానే గీరుకుంది.

తర్వాత మెగ్గర్. బల్బు తీసేశారు. దీపం మీది స్విచ్చిని వేసి ఉంచారు. స్విచ్చి ఆపి ఉంటే అక్కడి నుంచి హోల్డరు దాకా ఉన్న తీగ పరీక్షకు అందదట. ప్లగ్గు రెండు పిన్నులనూ ఒకే క్లిప్పుతో కలిపి పట్టించారు. రెండో క్లిప్పును ఇత్తడికి పెట్టే ముందు, పీఠం అడుగున, ఎవరికీ కనిపించని చోట, చిన్న ఆకురాయితో గోరంత మేర గీకారు. ఇత్తడి మీద పాత పాలిష్ పొర ఉంటుంది, దాని మీద క్లిప్పు పెడితే మీటరు అబద్ధం చెబుతుంది అన్నారు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది ఆ గీకుడు చూశాకే.

హ్యాండిలు తిప్పడం మొదలుపెట్టారు. మెగ్గర్ 500 వోల్టుల డీసీ పుట్టించి, లోపలి తీగలకూ బయటి లోహానికీ మధ్య ఇన్సులేషన్ (కరెంటును ఆపే తొడుగు) ఎంత గట్టిగా ఉందో చూపిస్తుంది. ఇన్సులేషన్ బాగుంటే ముల్లు అనంతం గుర్తు వైపు వెళ్లాలి. కనీసం ఒక మెగాఓమ్, అంటే పది లక్షల ఓమ్‌లైనా చూపాలి. మన దేశంలో ఇళ్ల వైరింగుకు కూడా 500 వోల్టుల దగ్గర ఒక నిమిషం పాటు చూసే హద్దు అదే. మా దీపానికి ముల్లు కదిలి కదిలి 0.2 మెగాఓమ్ దగ్గర ఆగిపోయింది. ఆయన ఒక కాగితం మీద లెక్క వేసి చూపించారు. 230 వోల్టులను రెండు లక్షల ఓమ్‌లతో భాగిస్తే ఒక మిల్లీఆంపియర్ కంటే కొంచెం ఎక్కువ. మనిషి చర్మానికి కరెంటు తెలియడం మొదలయ్యేది ఇంచుమించు ఆ మోతాదులోనే. పది మిల్లీఆంపియర్ల ప్రాంతానికి వస్తే కండరాలు బిగుసుకుని పట్టుకున్న వస్తువును వదలలేరు. నా మనవరాలు చీమలు అన్నది ఆ ఒక్క మిల్లీఆంపియరునే.

మా ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు దారి తప్పితే తానే పడిపోయి సరఫరా ఆపే స్విచ్చి) ఉంది, మరి అదెందుకు పడిపోలేదు అని అడిగాను. ఇళ్లలో పెట్టేది 30 మిల్లీఆంపియర్లు దారి తప్పితే పడేది. ఒకటీ రెండూ దానికి లెక్కలోకి రావు. అది పడలేదంటే లీకేజీ లేదని అర్థం కాదు. ఈ ఒక్క సంగతి ప్రతి ఇంట్లో తెలియాలి.

అప్పుడు విప్పారు. హోల్డరు మూత తిప్పగానే లోపల ఆకుపచ్చ పొడి, చిలుమూ ఉప్పూ కలిసి గడ్డకట్టింది. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది, అందుకే వాన రోజున జిల్లుమన్న దీపం ఎండ రోజున మౌనంగా ఉంటుంది. నూలు తొడుగును ఆయన పట్టకారుతో లాగితే కింద ఉన్న రబ్బరు అప్పడంలా పొడిపొడిగా రాలింది. తెల్ల కాగితం మీద ఆ రబ్బరు ముక్కలు, వాటి మధ్య నల్లబడ్డ రాగి పోగులు. రబ్బరులో ఉండే గంధకం రాగిని నల్లబరుస్తుందని, అందుకే ఆ రోజుల్లో రాగికి తగరం పూత పూసేవారని చెప్పారు. పూత పోయిన చోట రాగి బొగ్గులా ఉంది. కాడ లోపల సుమారు అంగుళం మేర తీగకు ఏ తొడుగూ మిగల్లేదు. ఇత్తడి గొట్టానికీ దానికీ మధ్య ఉన్నది ఆ తడి దుమ్ము మాత్రమే.

ఆ కాగితాన్ని నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. అదే బల్ల దగ్గర నేనూ, నా కూతురూ, ఇప్పుడు దాని కూతురూ చదువుకున్నాం.

మరమ్మతు ఎలా చేశారో కూడా చెప్పాలి. కొత్త వైరు మూడు తీగలది, ఐఎస్ఐ గుర్తు ఉన్న పీవీసీ వైరు. గోధుమ రంగు కరెంటు వచ్చే ఫేజుకు, నీలం అది తిరిగి వెళ్లే న్యూట్రల్‌కు, పచ్చా పసుపూ చారలది లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్‌కు. రంధ్రం అంచు ఆకురాయితో నున్నగా చేసి రబ్బరు బుష్ పెట్టారు. ఎవరైనా లాగినా బరువు స్క్రూల మీద పడకుండా వైరును లోపల బిగించారు. ఎర్త్ తీగ కొసకు లగ్గు (బిగించడానికి లోహపు కొక్కెం) వేసి, పీఠం లోపల ఇత్తడిని మెరిసేదాకా గీకి, పళ్ల వాషరుతో బిగించారు. రెండు పిన్నుల ప్లగ్గును ఎటు తిప్పి పెట్టినా పడుతుంది కాబట్టి ఇంతకాలం స్విచ్చి ఒక్కోసారి న్యూట్రల్ మీదికి వచ్చేది. అలాంటప్పుడు దీపం ఆర్పినా హోల్డరులో ఫేజు ఉంటూనే ఉండేది, మేము బల్బు మార్చేటప్పుడు కూడా. దాన్ని ఫేజు మీదికి మార్చారు. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ తీగను మిగతా రెండింటి కంటే ఒక అంగుళం పొడవుగా వదిలారు. ఎప్పుడైనా వైరు ఊడి వస్తే ఫేజు ముందు ఊడాలి, ఎర్త్ చివర ఊడాలి అని. ఇంత చిన్న విషయం ఆలోచించిన మనిషి చేతిలో నాన్నగారి దీపం పెట్టినందుకు నాకు సంతృప్తిగా ఉంది.

మళ్లీ మెగ్గర్ తిప్పితే ముల్లు ఈసారి అనంతం గుర్తు మీదికి వెళ్లి నిలబడింది. ఎర్త్ పిన్ను నుంచి ఇత్తడి దాకా మల్టీమీటరు 0.2 ఓమ్ చూపింది, ఇక్కడ మాత్రం అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. కొలిచేటప్పుడు నన్ను వైరు అటూ ఇటూ ఊపమన్నారు. ఊపినప్పుడు అంకె ఎగిరితే లోపల ఎక్కడో వదులు ఉన్నట్టు. ఎగరలేదు.

ఆ అనుభవంతో వారం తర్వాత ఇంట్లో ఉన్న మరో మూడు పాత దీపాలనూ సంచిలో వేసుకుని వెళ్లాను. వాటిలో నన్ను భయపెట్టింది మా అబ్బాయి ఇంటర్ చదివే రోజుల్లో కొన్న మెడ వంగే ఇనుప దీపం. అది ఏనాడూ ఎవరికీ షాక్ కొట్టలేదు. దాన్ని పరీక్ష చేయాల్సిన అవసరం లేదనే అనుకున్నాను, సంచిలో చోటు ఉంది కాబట్టి వేశాను. నిటారుగా నిలబెట్టి మెగ్గర్ తిప్పితే ముల్లు అనంతం దగ్గరే ఉంది. మేస్త్రి గారు అంతటితో ఆపలేదు. ఒక చేత్తో హ్యాండిలు తిప్పుతూనే, రబ్బరు తొడుగు వేసుకున్న రెండో చేత్తో దీపం మెడను మెల్లగా ఎడమకు వంచారు. ఏమీ లేదు. కుడికి వంచారు. ఏమీ లేదు. పూర్తిగా కిందికి, బల్బు బల్లను చూసేలా వంచేసరికి ముల్లు ఒక్కసారిగా సున్నా మీద పడింది. మెడ కొంచెం పైకి లేపితే మళ్లీ అనంతం. స్ప్రింగు గొట్టంలో వైరు ఒక చోట ఒరుసుకుపోయి, సరిగ్గా ఆ వంపులోనే రాగి ఇనుముకు తగులుతోంది. అంటే ఆ వంపులో ఫేజు నేరుగా దీపం ఒంటి మీదికి రావచ్చు. ఎర్త్ లేని రెండు పిన్నుల ప్లగ్గు కాబట్టి ఫ్యూజు కూడా పోదు. మా అబ్బాయి దాన్ని చెక్క బల్ల మీద, ఒకే వాలులో పెట్టుకుని ఏళ్ల తరబడి చదివాడు. కదపకుండా ఒక్కసారి కొలిచి బాగుందని చెప్పే మనిషి దగ్గరకు వెళ్లి ఉంటే ఆ దీపం మళ్లీ మనవరాలి బల్ల మీదికే చేరేది.

మూడోది మా మరిది దుబాయ్ నుంచి తెచ్చిన పింగాణీ దీపం. దానికి అక్కడి దళసరి మూడు పిన్నుల ప్లగ్గు ఉండేది, లోపల చిన్న ఫ్యూజుతో. ఇక్కడి సాకెట్టుకు పట్టదని ఎవరో కోసేసి రెండు పిన్నులది పెట్టారు. దాని హోల్డరు మనకు అలవాటైన రెండు చెవుల బల్బుది కాదు, మర ఉండి, తిప్పి బిగించే రకం. అలాంటి హోల్డరులో ఫేజు నడిమి బొడిపెకు మాత్రమే రావాలి, మర ఉన్న అంచుకు న్యూట్రల్ రావాలి. బల్బు బిగించేటప్పుడు వేళ్లకు తగిలే ప్రమాదం అంచుతోనే కదా. మా దాంట్లో తారుమారుగా ఉంది. రెండు పిన్నుల ప్లగ్గును ఎటు తిప్పి పెట్టినా పడుతుంది కాబట్టి అది రోజుకో రకంగా మారుతూ ఉండేది కూడా. సరిచేసి, మూడు పిన్నుల ప్లగ్గు పెట్టి ఇచ్చారు.

నాలుగోది గోడ సాకెట్టులో నేరుగా గుచ్చే ప్లాస్టిక్ బెడ్‌లైటు. పగిలిన మూత చూసి పక్కన పెట్టేశారు. "దీనికి డబ్బు పెట్టకండమ్మా, చెత్తలో కూడా పిన్నులు విరిచి వేయండి, ఎవరూ ఏరుకుని వాడకుండా" అన్నారు. దానికి పరీక్ష డబ్బులు తీసుకోలేదు.

ఖర్చు సంగతి. పరీక్షకు ఒక్కో దీపానికి 100 రూపాయలు. ఇత్తడి దీపానికి వైరు, హోల్డరు, ప్లగ్గు, పని అన్నీ కలిపి 650. మెడ వంగే దీపానికి 400, పింగాణీ దానికి 220. ఇంకొంచెం వేస్తే ఇప్పుడు కొత్త దీపం వస్తుందని మా వారు అన్నారు. వస్తుంది. నాన్నగారిది రాదు.

లోపాలూ ఉన్నాయి. మొదటి దీపానికి మూడు రోజులన్నారు, తొమ్మిది రోజులు పట్టింది. మధ్యలో రెండుసార్లు వెళ్లి తిరిగి వచ్చాను, ఫోను చేస్తే ఎత్తరు. మీటరు అంకెలు తన నోటు పుస్తకంలో రాసుకుంటారు కానీ అడిగితే తప్ప మనకు ఇవ్వరు. కేసు షీటులో రాయనిది వార్డులో చెల్లదు, నాకు అదే అలవాటు. అందుకే పట్టుబట్టి ప్రతి దీపం అడుగున తేదీ, ముల్లు చూపిన అంకె రాసిన చీటీ అంటించుకున్నాను. మీరూ అడగండి, విసుక్కోకుండా రాస్తారు. మెట్ల కింద గది కాబట్టి ఇద్దరు నిలబడితే మూడో వారు సందులోనే ఉండాలి. వానాకాలంలో అది కష్టం.

ఒక సలహా మాత్రం ఆయన ఇచ్చింది నాకు అన్నింటి కంటే ఎక్కువ ఉపయోగపడింది. దీపం చేతికిస్తూ, "మీ ఇంట్లో ఎర్తింగ్ ఉందా అమ్మా?" అని అడిగారు. మూడు రంధ్రాల సాకెట్లు ఉన్నాయి కదా, ఉన్నట్టే కదా అన్నాను. "రంధ్రం ఉంటే చాలదు, దాని వెనక తీగ ఉండాలి, ఆ తీగ భూమిలోకి వెళ్లాలి. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, మీరు విప్పకండి" అన్నారు. చూపించాను. నాన్నగారి గదిలోని సాకెట్టులో ఎర్త్ తీగ పెట్టె లోపలే మడిచి వదిలేసి ఉంది, ఎక్కడికీ కలపలేదు. పెరట్లో ఎర్త్ గుంత మూత తీస్తే ఎండిపోయి బీటలు వారింది. ఇప్పుడు తీగ కలిపించాం, గుంతలో వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోస్తున్నాను. ఆర్‌సీసీబీ మీద ఉండే పరీక్ష బొత్తాన్ని నెలకోసారి నొక్కి, పడుతోందో లేదో చూస్తున్నాను.

వెళ్లాలనుకునేవారికి: పూర్ణా మార్కెట్ కూరగాయల వైపు నుంచి కాక, తాళ్ల దుకాణాలు ఉన్న వెనక సందులోంచి వెళ్లండి, మేడ మెట్ల కింద కనిపిస్తుంది. పదకొండుకు ముందు తెరవరు, ఆదివారం సెలవు. బల్బు ఇంట్లోనే తీసి పెట్టండి. ప్లగ్గు ఎంత పాతదైనా కోయకుండా తీసుకెళ్లండి, ఆయన పరీక్ష మొదలుపెట్టేది దాని దగ్గర నుంచే. షాక్ కొట్టిన దీపంతో పాటు ఇంతవరకూ కొట్టని దీపాన్ని కూడా సంచిలో వేసుకోండి.